చిన్న ట్రైలర్‌లో మంచం ఎవరిది? ఒక పడక చరిత్ర

ఈ ఎపిసోడ్‌లో రాజులూ యుద్ధాలూ లేవు. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చిన్న ఇల్లు, అంటే ట్రావెల్ ట్రైలర్, దాని లోపల ఉండే మంచం, ఈ రెండింటి గురించే మాట్లాడుకుందాం. ఇందులో చరిత్రేముంది అంటారేమో. చాలా ఉంది. రాత్రి ఎవరు ఎక్కడ పడుకోవాలి, ఆ పడక ఎవరు వెయ్యాలి, ఎవరికి పడక దొరకదు అన్న మూడు ప్రశ్నలు పట్టుకుంటే నూట నలభై ఏళ్ల కథ బయటికొస్తుంది.

నాకు ఈ విషయం మీద ఆసక్తి పుట్టడానికి కారణం చెప్పేస్తాను. మేం ఉండేది టెక్సస్‌లో. వచ్చే వేసవికి మా అత్తయ్య, మావయ్య ఖమ్మం నుంచి వస్తున్నారు. వాళ్లకి ఊళ్లు చూపించాలని, దానికో చిన్న ట్రైలర్ కొనాలని మా ఆయనా నేనూ అనుకున్నాం. మావయ్యకి డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు, రాత్రి రెండుసార్లు లేస్తారు. అమ్మే చోటికి వెళ్లి ఏ ట్రైలర్ చూసినా చీటీ మీద ఒకటే మాట: నలుగురు పడుకోవచ్చు. ఆ నలుగురు ఎవరు, ఎలా పడుకుంటారు అని ఆలోచిస్తూ పాత బొమ్మలూ ప్లాన్లూ తిరగేశాను.

సరదా కోసం తయారైన మొదటి కారవాన్‌గా చాలామంది చెప్పేది ఇంగ్లండ్‌లోని 'వాండరర్'. విలియం గోర్డన్ స్టేబుల్స్ అని, నౌకాదళంలో డాక్టరుగా చేసి తర్వాత పిల్లలకి సాహస కథలు రాసిన మనిషి. 1885లో బ్రిస్టల్‌లోని రైలు పెట్టెలూ బళ్లూ కట్టే కార్ఖానాలో దీన్ని కట్టించుకున్నాడు. పొడవు 18 అడుగులు, బరువు దాదాపు రెండు టన్నులు, లాగేవి రెండు గుర్రాలు. దాంట్లో ఇంగ్లండ్ నుంచి స్కాట్లాండ్‌లోని ఇన్వర్‌నెస్ దాకా తిరిగి, 1,300 మైళ్ల యాత్ర అని మరుసటి ఏడాదే పుస్తకం వేశాడు.

18 అడుగులంటే ఈ రోజుల్లో నలుగురికని అమ్మే కొలత. ఆయన మాత్రం దాన్ని ఒక్క పెద్దమనిషి కోసం కట్టించుకున్నాడు. బండి తోలడానికి ఒకడు, మిగతా పనులకి ఫోలీ అనే పరిచారకుడు ఉన్నారు. ఈ ఫోలీ మూడు చక్రాల సైకిలెక్కి ముందు వెళ్తూ, వెనక పెద్ద బండి వస్తోందని ఎదురొచ్చేవాళ్లకి చెప్పేవాడట. పడక ఎవరు సర్దాలన్న ప్రశ్న ఆ బండిలో పుట్టే అవకాశమే లేదు. పనివాళ్లు ఉన్నచోట మంచం గురించి యజమాని ఆలోచించక్కర్లేదు.

ఇదే కాలంలో అమెరికాలో ఇంకో పెద్ద ప్రయోగం జరుగుతోంది, రైల్లో. పుల్‌మన్ కంపెనీ స్లీపర్ పెట్టెలు. పగలు ఎదురెదురుగా రెండు సీట్లు. రాత్రి ఆ రెండింటినీ దగ్గరకి లాగితే కింది బెర్త్. పైకప్పు దగ్గర మడిచిపెట్టిన పలక దించితే పై బెర్త్. మనకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. రాత్రి పది దాటాక మిడిల్ బెర్త్ ఎత్తి గొలుసు తగిలించిన ప్రతి తెలుగువాడికీ ఈ సూత్రం తెలుసు: ఒకే చోటు పగలు కూర్చోడానికి, రాత్రి పడుకోడానికి. అందరూ కూర్చుని ఉన్నంతసేపూ ఒక్కరు కూడా పడుకోలేరు. ఒక్కరు పడుకున్నారంటే ఇద్దరికి కూర్చునే చోటు పోతుంది.

పుల్‌మన్ పెట్టెలో ఆ పడకలు వేసింది ఎవరు? పోర్టర్లు. దాదాపు అందరూ నల్లజాతివాళ్లే. మొదటి తరంలో చాలామంది బానిసత్వం నుంచి అప్పుడే బయటపడ్డవాళ్లు. ప్రయాణికులు వాళ్ల సొంత పేరు కూడా అడక్కుండా, కంపెనీ యజమాని జార్జ్ పుల్‌మన్ పేరు మీద అందర్నీ 'జార్జ్' అని పిలిచేవాళ్లు. 1925లో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో వాళ్లు యూనియన్ పెట్టుకున్నారు. కంపెనీతో ఒప్పందం కుదరడానికి 1937 దాకా పట్టింది. పన్నెండేళ్లు! పక్క వెయ్యడం కూడా పనే, దానికి లెక్క ఉండాలి అని ఒప్పించడానికి అంత పోరాటం.

ఇప్పుడు కారు వెనక ట్రైలర్ దగ్గరికి వద్దాం. 1929లో డెట్రాయిట్ దగ్గర ఆర్థర్ షెర్మన్ అనే ఆయన, మందుల కంపెనీ నడిపే మనిషి, కుటుంబంతో వెళ్లడానికి టెంట్ ట్రైలర్ కొన్నాడు. ఐదు నిమిషాల్లో విప్పేయొచ్చని అమ్మినవాళ్లు చెప్పారు. మొదటి రాత్రే వాన. టెంటు విప్పడం చేతకాలేదు, అందరూ తడిసి ముద్దయ్యారు. ఆయన ఇంటికొచ్చి గుడ్డ టెంటు జోలికి పోకుండా గట్టి గోడలున్న పెట్టె కట్టించాడు. 6 అడుగుల వెడల్పు, 9 అడుగుల పొడవు. మధ్యలో సన్నటి దారి, అటూ ఇటూ బంకులు, ఒక బొగ్గుల పొయ్యి. దాన్ని పిల్లలు 'కవర్డ్ వ్యాగన్' అన్నారు. 1930 జనవరిలో డెట్రాయిట్ ఆటో షోలో పెడితే, సుమారు 400 డాలర్ల ధరకి 118 ఆర్డర్లు వచ్చాయి. 1936 నాటికి దేశంలో అందరికంటే ఎక్కువ ట్రైలర్లు తయారుచేసేది ఆయన కంపెనీయే.

అదే 1936లో వాలీ బయామ్ 'ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్' తెచ్చాడు. విమానంలా గుండ్రటి అల్యూమినియం ఒళ్లు, ధర 1,200 డాలర్లు, నలుగురికి పడక. ఆ నలుగురు ఎలా? భోజనాల బల్ల కిందికి దించితే మంచం! మళ్లీ పుల్‌మన్ సూత్రమే. కాకపోతే ట్రైలర్‌లో పోర్టర్ లేడు. రోజూ రాత్రి బల్ల దించి, కుషన్లు పేర్చి, దుప్పట్లు పరిచి, పొద్దున్నే అవన్నీ మడిచి, మళ్లీ బల్ల నిలబెట్టి టిఫిన్ పెట్టాలి. ఆ కాలం ప్రకటనల్లో ఆడమనిషి నవ్వుతూ కనిపిస్తుంది కానీ ఈ పని కనిపించదు. స్టేబుల్స్ బండిలో పరిచారకుడికి, రైల్లో పోర్టర్‌కి ఉన్న పని ట్రైలర్‌లో అమ్మకి వచ్చింది. జీతం, యూనియన్ మాత్రం రాలేదు.

1936లో ఇంకోటి కూడా మొదలైంది. హార్లెమ్‌లో ఉండే విక్టర్ హ్యూగో గ్రీన్ అనే పోస్ట్‌మాన్ 'గ్రీన్ బుక్' అని చిన్న పుస్తకం వేశాడు. నల్లజాతి ప్రయాణికులకి ఏ ఊళ్లో గది ఇస్తారు, ఎక్కడ భోజనం పెడతారు అన్న జాబితా అది. తెల్లవాళ్లకి పడకను వెంట తీసుకెళ్లడం సరదా. వీళ్లకి దారిలో పడక దొరకడమే గండం. కారులోనే ముడుచుకుని తెల్లవార్లూ గడిపిన కుటుంబాలు ఎన్నో. సొంత టెంటు ఉన్నా, దాన్ని ఎక్కడ వేసుకోవాలన్నది మళ్లీ సమస్యే. వర్జీనియాలో షెనండోవా నేషనల్ పార్క్‌లో 1939లో లూయిస్ మౌంటెన్ అని వాళ్లకి విడిగా ఒక క్యాంప్‌గ్రౌండ్ తెరిచారు. ప్రభుత్వ భూమిలో, ప్రభుత్వమే గీసిన గీత అది. 1950 నాటికి ఆ పార్క్‌లో ఈ విభజన పోయింది. దేశమంతటా హోటళ్లలో అలా చెయ్యకూడదని చట్టం రావడానికి 1964 దాకా పట్టింది. ఈ రోజు మనం ఫోన్‌లో క్యాంప్ సైట్ బుక్ చేసుకుంటే ఎవరూ మన ఒంటి రంగు అడగరు. ఆ చట్టం కోసం కొట్లాడినవాళ్ల దయ అది. మర్చిపోకూడదు.

సరే, మళ్లీ మంచం దగ్గరికి. పడక రోజూ వేసి తీసే బాధ లేకుండా ఒక దారి కనిపెట్టారు, అదే టియర్‌డ్రాప్. కన్నీటి బొట్టు ఆకారం. 1930లలో మొదలై, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బాగా పాకింది. 1947 ప్రాంతంలో పత్రికలు ప్లాన్లు అచ్చువేస్తే, జనం ఇంటి వెనక కూర్చుని సొంతంగా చేసుకున్నారు. కొలత 4 అడుగులు, 8 అడుగులు. ఎందుకంటే ప్లైవుడ్ షీటు సైజు అది! లోపలంతా పరుపే. వెనక మూత ఎత్తితే వంటిల్లు. మంచం ఎప్పుడూ మంచమే, తీసేదీ వేసేదీ లేదు. కానీ లోపల నిలబడలేం, వానొస్తే కూర్చోడానికి చోటుండదు, చీర మార్చుకోవాలన్నా పడుకునే మార్చుకోవాలి. మా అత్తయ్యకి ఈ మాట చెబితే ఫోన్‌లోనే నవ్వారు.

రెండింటికీ మధ్య రకం 1968లో కెనడాలోని విన్నిపెగ్‌లో వచ్చింది. రే ఒలెకో అనే ఆయన అంతకుముందు ఫైబర్‌గ్లాస్‌తో సెప్టిక్ ట్యాంకు డిజైన్ చేశాడు. అదే పద్ధతిలో పై డొప్ప, కింది డొప్ప అతికించి 13 అడుగుల ట్రైలర్ చేశాడు. పేరు 'బోలర్'. వెనక బల్ల దించితే ఇద్దరికి మంచం, ముందున్న సోఫా ఎత్తితే రెండు బంకులు. తర్వాత మినెసోటాలో 'స్కాంప్' ఇదే దారిలో వచ్చింది. ఇప్పటికీ 13 అడుగుల స్కాంప్‌లో అసలు ప్రశ్న ఒకటే: ముందు వైపు బంకులు కావాలా, బాత్రూమ్ కావాలా? రెండూ పట్టవు. ఇద్దరు మనుషుల నిద్రకి ఒక మరుగుదొడ్డి సమానం అని ఆ ప్లాన్ మనకి లెక్క చెబుతుంది.

ఇప్పుడు కొనాలనుకునేవాళ్లకి నేను అర్థం చేసుకున్నది చెబుతాను. మొదట చీటీ మీది అంకె వదిలెయ్యండి. రాత్రి లేచేది ఎవరో చూడండి. మూడు వైపులా గోడలున్న మంచంలో లోపలి వైపు పడుకున్నవాళ్లు, పక్కవాళ్లని దాటుకుని దిగాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి అది కుదరదు. రైల్లో లోయర్ బెర్త్ కోసం మనం ఎంత బతిమాలతామో గుర్తుందిగా, ఇక్కడా అంతే. వెడల్పు టేపు పెట్టి కొలవండి. ఫుల్ సైజ్ అంటే 54 అంగుళాలు, మనిషికి 27. మన స్లీపర్ బెర్త్ కంటే పెద్ద ఎక్కువేం కాదు. పొడవు కూడా పడుకుని చూడాలి. అమ్మేవాళ్ల ముందు సిగ్గుపడొద్దు.

ఇంకో సంగతి, పరుపు కింద గాలి ఆడాలి. చిన్న పెట్టెలో ఇద్దరి ఊపిరి తేమ రాత్రికి చల్లటి పలక మీద చేరి నీరవుతుంది, కొన్నాళ్లకి బూజు. బరువు లెక్క కూడా మంచంతో ముడిపడిందే. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కారు కొక్కెం మీద పడాలి. మంచం వెనక ఉంది కదా అని దాని కింద నీళ్ల డబ్బాలూ బియ్యం మూటా అన్నీ సర్దితే, వెనక భాగం బరువై రోడ్డు మీద ట్రైలర్ తోకలా ఊగుతుంది. అది ప్రాణాల మీదికి తెస్తుంది. చాలా రాష్ట్రాల్లో బండి నడుస్తున్నప్పుడు ట్రైలర్ లోపల మనుషులు ఉండటం నిషేధం కూడా. మధ్యాహ్నం మావయ్య ఓ కునుకు తీస్తారు అంటే బండి ఆపాల్సిందే.

ఆఖరుగా, పడక ఎవరు వేస్తారో కొనక ముందే మాట్లాడుకోండి. నవ్వులాటకి అనడం లేదు. ఈ చరిత్రంతా చూశాక నాకు అన్నిటికంటే పెద్ద ప్రశ్న అదే అనిపించింది. మా ఇంట్లో మాట్లాడుకుని ఇలా తేల్చాం: లోపల ఒకటే మంచం, ఎప్పుడూ వేసి ఉండేది, పక్కనే బాత్రూమ్. అది అత్తయ్య, మావయ్యలది. బల్ల బల్లగానే ఉంటుంది, దించేది లేదు. మా ఆయనా నేనూ బయట టెంటులో. ఆ టెంటు వేసే పని మా ఆయనది. మన ఊళ్లలో పెద్దవాళ్లకి నులక మంచం, మిగతావాళ్లకి చాపలు అన్న ఏర్పాటే ఇది. నలుగురు పడుకునే ట్రైలర్ కోసం వెతకడం మానేసి, ఇద్దరు హాయిగా నిద్రపోయే దాని కోసం చూస్తే, మా బడ్జెట్‌లోనే మూడు దొరికాయి.

మీ ఇంట్లో లోయర్ బెర్త్ ఎవరికి ఇవ్వాలో ముందు తేల్చుకోండి. మిగతా ట్రైలర్ అంతా దాని చుట్టూ కట్టుకోవచ్చు.