కార్వాన్

కార్వాన్ హైదరాబాద్‌లో మూసీ ఉత్తరపు ఒడ్డున, గోల్కొండ కోటకూ పురానాపూల్‌కూ నడుమ ఉన్న పాత పేట. పూర్వం దీన్ని కార్వాన్-ఎ-సాహు అనేవారు. ఇక్కడ దిగిన బిడారులు, వాటికి పెట్టుబడి పెట్టిన సాహుకార్ల వల్ల వచ్చిన పేరది. హైదరాబాద్ చరిత్ర అనగానే అందరూ చార్మినార్‌తో మొదలుపెడతారు గానీ ఆ నగరానికి పునాది పడింది 1591లో. మూసీ మీద 22 కమాన్ల పురానాపూల్‌ను ఇబ్రహీం కులీ కుతుబ్‌షా అంతకు 13 ఏళ్ల ముందే, 1578లో కట్టించాడు. వంతెన ముందు, ఊరు తర్వాత. కోట నుంచి వంతెనకు వెళ్లే బాట పట్టుకుని పెరిగిన పేట కార్వాన్.

కృష్ణా తీరాన కొల్లూరు గనుల్లో దొరికిన వజ్రాలు గోల్కొండ రాజ్యపు వర్తకుల చేతుల మీదుగా దేశదేశాలకు వెళ్లేవి. 17వ శతాబ్దంలో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే, నది దాటకముందే వచ్చే పొడుగాటి శివారు పేటను వర్ణించాడు. పెద్ద ఉద్యోగులు నగరంలో ఉంటే, వర్తకులు, దళారులు, చేతిపనివారు ఈ పేటలో ఉండేవారట. పొద్దెక్కాక నగరానికి వెళ్లి పరదేశీయులతో బేరాలు చేసి, సాయంత్రం ఇళ్లకు తిరిగొచ్చేవారట. కోహినూర్‌ను కార్వాన్‌లోనే సానబట్టారని స్థానికులు చెప్పుకుంటారు; దాన్ని జనశ్రుతిగానే తీసుకోవాలి.

కార్వాన్ కళాసంపదలో మొదట చూడవలసింది తోలి మసీదు. అబ్దుల్లా కుతుబ్‌షా కాలంలో, 1671లో మూసాఖాన్ దీన్ని కట్టించాడు. మక్కా మసీదు పనుల మీద అజమాయిషీ ఆయనదే. అక్కడ ఖర్చయిన ప్రతి రూపాయికీ తన వంతుగా వచ్చిన ఒక్కో దమ్డీనీ కూడబెట్టి దీన్ని కట్టించాడని ప్రతీతి. అందుకే దమ్డీ మసీదు అనే పేరూ ఉంది. ఎత్తయిన అరుగు మీద ముందు అయిదు కమాన్లు, లోపలి మందిరానికి మూడు. గచ్చుపనిలో తామరపూలు కనిపిస్తాయి. పరిమాణంలో మక్కా మసీదుకు సాటిరాదు గానీ పనితనపు నాజూకులో దీనిదే పైచేయి.

1687లో గోల్కొండ ఔరంగజేబు వశమయ్యాక రాజధాని వైభవం పోయింది. సాహుకార్ల బాణీ మాత్రం పూర్తిగా చెరగలేదు. గుజరాతీ వర్తక కుటుంబానికి చెందిన భగవాన్‌దాస్ తోటలోని చెక్కపని మంటపం అందుకు గుర్తు. జైన మందిరాలూ ఆ వర్తకుల ఆనవాళ్లే.

ఒడ్డున కాపురమంటే నదితో పేచీ తప్పదు. 1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరద రెండు ఒడ్లనూ ముంచెత్తింది. ఆ దెబ్బతోనే ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. ఇప్పుడు కార్వాన్ పక్కన మూసీ ఏడాదిలో చాలాకాలం మురుగునీరుగానే పారుతుంది. నదికి వీపు తిప్పి నగరం తనకు తానే చేసుకున్న నష్టమిది.

పేట బతుకు మాత్రం సందడిగానే ఉంది. ఆషాఢంలో దర్బార్ మైసమ్మకు బోనాలెత్తుతారు. పోతరాజుల కొరడాలు, డప్పులతో ఇరుకు వీధులు కిటకిటలాడతాయి. పక్కనే జియాగూడలో రంగనాథస్వామి గుడి, మేకల మండి ఉన్నాయి. గుడిమల్కాపూర్‌కు మోజంజాహీ మార్కెట్ నుంచి పూల వ్యాపారం తరలివచ్చింది. వీధుల్లో తెలుగు, దక్కనీ ఉర్దూ రెండూ వినిపిస్తాయి. బిడారులు దాటిన పురానాపూల్ మీద ఇప్పుడు బండ్లు తిరగవు, కూరగాయలు అమ్ముతారు.