నరసాపురం లేసు అల్లిక

నరసాపురం లేసు అల్లిక ఆంధ్ర ప్రదేశ్‌లో పశ్చిమ గోదావరి జిల్లాలోని నరసాపురం, పాలకొల్లు పరిసర గ్రామాలలోను, వశిష్ట గోదావరికి ఆవలి ఒడ్డున ఉన్న కోనసీమ గ్రామాలలోను స్త్రీలు తమ ఇళ్ళ వద్ద చేసే హస్తకళ. కొనకు చిన్న కొక్కెం ఉన్న ఒకే ఒక సూదితో, నూలు దారంతో ఈ లేసును అల్లుతారు. బల్లగుడ్డలు, దుప్పట్లు, దిండు గలీబులు, తెరలతో పాటు వసంత, వేసవి కాలాలలో ధరించే పలుచని దుస్తులు కూడా ఈ పద్ధతిలో తయారవుతాయి. ఉత్పత్తిలో ఎక్కువ భాగం ఐరోపా, అమెరికా దేశాలకు ఎగుమతి అవుతుంది. 2024లో ఈ కళకు భౌగోళిక గుర్తింపు లభించింది.

కుట్టు, అల్లిక, లేసు

తెలుగు ఇళ్ళలో "కుట్లు, అల్లికలు" అని జంటగా వ్యవహరించే పనులు నిజానికి వేరు వేరు. కుట్టుపనిలో ముందుగా నేసిన గుడ్డను కత్తిరించి, ముక్కలను దారంతో కలుపుతారు. అల్లికలో గుడ్డ ముందుగా ఉండదు. దారం నుండే వస్త్రం పుడుతుంది. స్వెట్టరు అల్లికలో రెండు సూదులు వాడతారు. ఒక వరుసలోని ఉచ్చులన్నీ సూది మీద తెరచి ఉంటాయి కనుక సూది జారితే అనేక ఉచ్చులు ఒకేసారి విడిపోవచ్చు. క్రోషియా అల్లికలో సాధారణంగా ఏ సమయంలోనైనా ఒకే ఉచ్చు తెరచి ఉంటుంది. మిగిలిన కుట్లన్నీ అప్పటికే ముడిపడి ఉంటాయి. అందువలన పనిని ఎక్కడైనా ఆపి, పక్కన పెట్టి, మళ్ళీ అందుకోవచ్చు. వంట, పిల్లల సంరక్షణ, పశువుల పని నడుమ సాగించడానికి ఈ గుణం అనువైనది. ఈ పని ఇళ్ళలో స్థిరపడడానికి ఇది ఒక కారణం. దీనిని పనిగా లెక్కించకపోవడానికి కూడా ఇదే కొంతవరకు కారణమయింది.

చరిత్ర

19వ శతాబ్దంలో గోదావరి డెల్టాకు వచ్చిన క్రైస్తవ మిషనరీలు స్థానిక స్త్రీలకు లేసు అల్లిక నేర్పారు. నరసాపురంలో ఈ పనికి ఆద్యులుగా స్కాట్లండుకు చెందిన మెక్రే దంపతుల పేరు తరచుగా చెబుతారు. గోదావరికి ఎగువన, ప్రస్తుతం తెలంగాణలో ఉన్న దుమ్ముగూడెంలో కూడా మిషనరీలు లేసు పని నేర్పించారు. కరవు కాలంలో పేద కుటుంబాలకు ఆధారం కల్పించడం ఇటువంటి ప్రయత్నాల ఉద్దేశాలలో ఒకటి. ఐర్లండులో 1845-49 మధ్య సంభవించిన మహా కరవులో కూడా క్రోషియా లేసు వేలాది కుటుంబాలకు జీవనాధారమయింది.

మొదట ఈ పని నేర్చినవారు ఎక్కువగా క్రైస్తవం స్వీకరించిన పేద దళిత కుటుంబాల స్త్రీలు. తరువాత కాపు తదితర వ్యవసాయ కుటుంబాల స్త్రీలు కూడా దీనిని చేపట్టారు. కూలికి పొలం వెళ్ళడం కుటుంబ గౌరవానికి లోటని భావించిన ఇళ్ళలో, గడప దాటకుండా నాలుగు డబ్బులు తెచ్చే పనిగా ఇది స్థిరపడింది. 20వ శతాబ్దంలో వ్యాపారం మిషనరీల చేతి నుండి స్థానిక వర్తకుల చేతికి మారింది.

దారం, సూది

లేసుకు వాడే నూలు దారం సాధారణంగా మెర్సరైజు చేసినది. ఇంగ్లండుకు చెందిన జాన్ మెర్సర్ 1844లో నూలును కాస్టిక్ సోడా ద్రావణంలో ముంచితే అది బలపడి, రంగును బాగా పట్టుకుంటుందని కనుగొని, 1850లో పేటెంటు పొందాడు. ముంచేటప్పుడు దారాన్ని బిగించి ఉంచితే మెరుపు కూడా వస్తుందని 1890 ప్రాంతంలో హొరేస్ లో నిరూపించాడు. లేసులో కనిపించే పట్టు వంటి నిగారింపుకు ఇదే మూలం.

దారపు ఉండలపై 10, 20, 40 వంటి అంకెలు ఉంటాయి. అంకె పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. 10వ నంబరు దారానికి సుమారు 1.5 మి.మీ. సూది, 20వ నంబరుకు సుమారు 1.25 మి.మీ. సూది సరిపోతాయి. దారం సన్నదయినకొద్దీ అల్లిక సుకుమారంగా వస్తుంది, కాని అదే వైశాల్యానికి పట్టే కాలం బాగా పెరుగుతుంది.

అల్లే విధానం

అల్లిక ఒక జారుముడితో మొదలవుతుంది. సూదితో దారాన్ని లాగి ఉచ్చులోనుండి ఉచ్చు తీస్తూ పోతే గొలుసు ఏర్పడుతుంది. ఈ గొలుసే పునాది. దీనిపై పొట్టి కుట్లు, పొడవు కుట్లు వేసి, వాటి నడుమ గొలుసులు వదిలితే కిటికీల వంటి ఖాళీలు ఏర్పడతాయి. నిండుగా ఉన్న గడులు, ఖాళీ గడులు కలిసి పువ్వు, ఆకు, అనాస, సాలెగూడు వంటి నమూనాలను ఇస్తాయి.

నమూనా పుస్తకాలను అనుసరించేవారు ఒక విషయం గమనించాలి. బ్రిటిషు పద్ధతిలో "డబుల్ క్రోషియా" అనే కుట్టునే అమెరికా పద్ధతిలో "సింగిల్ క్రోషియా" అంటారు. నమూనా ఏ దేశానిదో తెలియకుండా అల్లితే కొలత మొత్తం తప్పుతుంది.

పని విభజన

నరసాపురం ప్రాంతంలో ఒక వస్త్రాన్ని మొదటి నుండి చివరి వరకు ఒకరే అల్లడం అరుదు. ఎగుమతిదారు దారాన్ని, నమూనాను ఏజెంటుకు ఇస్తాడు. ఏజెంటు గ్రామాలకు వెళ్ళి దారాన్ని ఇళ్ళలో పంచి, పూర్తయిన ముక్కలను సేకరించి, ముక్కల లెక్కన కూలి ఇస్తాడు. కొందరు స్త్రీలు పువ్వులు మాత్రమే అల్లుతారు. మరికొందరు వాటిని జోడించే "అతుకుపని" చేస్తారు. అంచు కట్టడం, ఉతకడం, గంజి పెట్టడం, ఇస్త్రీ చేయడం తరువాతి దశలు. పువ్వు అల్లిన స్త్రీ, అది చేరిన వస్త్రాన్ని చూడకపోవడం సాధారణం.

వసంత, వేసవి దుస్తులు

నూలు లేసు వేసవికి తగినది కావడానికి రెండు కారణాలు ఉన్నాయి. మొదటిది నూలు గుణం. 65 శాతం సాపేక్ష ఆర్ద్రత గల గాలిలో నూలు తన బరువులో సుమారు 8.5 శాతం తేమను పట్టి ఉంచుకుంటుంది. పాలియెస్టరు విషయంలో ఇది సుమారు 0.4 శాతం మాత్రమే. రెండవది అల్లికలోని ఖాళీలు. వాటి గుండా గాలి ఆడడం వలన చెమట త్వరగా ఆరుతుంది.

శీతల దేశాలలో వసంతం మొదలు కాగానే ఉన్ని దుస్తులు పెట్టెలలోకి చేరి, నూలు పైవస్త్రాలు, చేతులు లేని జాకెట్లు, భుజాలపై కప్పుకునే శాలువలు, లంగాలు, పిల్లల గౌన్లు బయటకు వస్తాయి. ఆ కాలానికి దుకాణాలలో ఉండవలసిన సరుకు నెలల ముందే అల్లి పంపాలి. తెలుగు ఇళ్ళలో మాత్రం నిండు లేసు దుస్తుల కంటే గౌను మెడపట్టీ, జాకెట్టు చేతుల అంచు, లోలంగా అంచు వంటివే ఎక్కువ వాడుకలో ఉన్నాయి.

నూలుకు ఉన్ని వలె సాగి తిరిగి పూర్వస్థితికి వచ్చే గుణం లేదు. పొడవైన నూలు అల్లిక తన బరువుకే కిందికి జారుతుంది. అందువలన భుజాల వద్ద, మెడ చుట్టూ దగ్గర దగ్గరగా పొట్టి కుట్లు వేసి గట్టి పట్టీ అల్లాలి. ఖాళీలు ఎక్కువగా ఉన్న దుస్తులకు లోపల పలుచని నూలు గుడ్డను అస్తరుగా వేస్తారు.

కొలతల లెక్క

దుస్తులు అల్లేటప్పుడు ముందుగా 10 సెం.మీ. కంటే కొంచెం పెద్ద నమూనా ముక్క అల్లి, ఉతికి, పరచి ఆరబెట్టి, మధ్యలో 10 సెం.మీ. పొడవులో ఎన్ని కుట్లు ఉన్నాయో లెక్కించాలి. ఉతకక ముందు కొలిస్తే దుస్తులు తరువాత బిగుతు కావచ్చు.

ఉదాహరణకు, 10 సెం.మీ.లో 24 కుట్లు ఉన్నాయనుకుందాం. ఛాతీ చుట్టుకొలత 90 సెం.మీ., వదులు 6 సెం.మీ. అయితే మొత్తం 96 సెం.మీ. అప్పుడు 96 ను 2.4 తో గుణిస్తే 230.4 కుట్లు వస్తాయి. నమూనా ప్రతి 6 కుట్లకు తిరిగి వస్తుంటే, 230కి దగ్గరలో 6తో భాగించబడే సంఖ్య 228. కనుక 38 నమూనాలు సరిపోతాయి. వేసవి దుస్తులకు వదులు కొంచెం ఎక్కువగా ఉంచడం మంచిది.

గుడ్డకు లేసు కుట్టడం

గుడ్డ, లేసు ఉతికినప్పుడు ఒకే విధంగా కుంచించుకుపోవు. కాబట్టి రెండింటినీ విడివిడిగా తడిపి, ఆరబెట్టిన తరువాతనే కుట్టాలి. గుడ్డ అంచును ముందు మడిచి హెమ్మింగు చేసి, లేసును లాగకుండా దానిపై పరచి, సన్నని సూదితో దగ్గర దగ్గరగా చేతికుట్టు వేయాలి. మెడ వంటి వంపుల వద్ద లేసును కొద్దిగా వదులుగా ఉంచకపోతే అంచు పైకి ముడుచుకుంటుంది. ఇలా చేతితో కుట్టిన లేసును, గౌను చిరిగిపోయినా విప్పి మరో గౌనుకు వాడుకోవచ్చు.

ఉతకడం, భద్రపరచడం

* చల్లని లేదా గోరువెచ్చని నీటిలో తేలికపాటి సబ్బుతో ఉతకాలి. మెలిపెట్టి పిండరాదు.
* దండెంపై వేలాడదీస్తే నీటి బరువుకు సాగుతుంది. తుండుగుడ్డపై పరచి నీడన ఆరబెట్టాలి.
* తెల్లదనం కోసం క్లోరిను కలిసిన బ్లీచింగు పదార్థాలు తరచుగా వాడితే దారం బలహీనపడుతుంది.
* గంజి పెట్టిన లేసును ఎక్కువ కాలం దాచరాదు. గంజిలోని పిండి పదార్థాన్ని వెండిపురుగులు తింటాయి. దాచేముందు గంజి పోయేలా ఉతకాలి.

శ్రామికుల స్థితిపై పరిశోధన

జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ (1931-2023) 1970ల చివరిలో నరసాపురం ప్రాంతంలో పరిశోధన చేసి, "ది లేస్ మేకర్స్ ఆఫ్ నరసాపూర్" అనే గ్రంథాన్ని 1982లో ప్రచురించింది. ఇంటిపని అంతా చేస్తూనే రోజులో అనేక గంటలు లేసు అల్లే స్త్రీలను సమాజం, వ్యాపారులు, జనాభా లెక్కలు గృహిణులుగానే చూశాయని, వారి పనిని తీరిక వేళ కాలక్షేపంగా భావించడమే కూలి అతి తక్కువగా ఉండడానికి కారణమని ఆమె వివరించింది. వర్తకం పురుషుల చేతిలో ఉండగా, తాము అల్లినది ఏ దేశంలో ఏ ధరకు అమ్ముడవుతుందో అల్లినవారికి తెలియదని కూడా ఆమె గమనించింది. ఇంటి వద్ద చేసే పనిపై ప్రపంచవ్యాప్తంగా జరిగిన చర్చలలో ఈ గ్రంథం ప్రముఖంగా ప్రస్తావనకు వచ్చింది.

ఇళ్ళ వద్ద పనిచేసే వారికి ఇతర శ్రామికులతో సమానంగా హక్కులు ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒప్పందాన్ని ఆమోదించింది. ఇది 2000లో అమలులోకి వచ్చింది. భారతదేశం దీనిని ధ్రువీకరించలేదు. ముక్కల లెక్కన ఇచ్చే కూలి న్యాయమైనదో కాదో తేల్చాలంటే, ఒక్కొక్క ముక్కకు పట్టే కాలాన్ని కొలవాలి. పని గంటలు ఎక్కడా నమోదు కాని చోట ఆ లెక్క వేయడం కష్టం.

యంత్రపు లేసు, భౌగోళిక గుర్తింపు

యంత్రాలపై లేసు తయారుచేయడం 19వ శతాబ్దం నుండే ఉన్నది. అయితే నిజమైన క్రోషియా కుట్టును సంపూర్ణంగా అనుకరించే యంత్రం వాడుకలో లేదు. చవక లేసులు వేరే పద్ధతిలో అల్లినవి, లేదా కరిగిపోయే గుడ్డపై ఎంబ్రాయిడరీ చేసి ఆ గుడ్డను తొలగించినవి. దూరం నుండి రెండూ ఒకే విధంగా కనిపిస్తాయి. దగ్గరగా చూస్తే చేతి అల్లికలో ఒక్కొక్క కుట్టు గొలుసు విడిగా తెలుస్తుంది. యంత్రపు ఎంబ్రాయిడరీలో దారాలు ఒకదానిపై ఒకటి చిక్కగా పడి ఉంటాయి. ధర విషయంలో మాత్రం చేతి లేసు యంత్రపు లేసుతో పోటీపడలేదు. 2000ల నుండి చైనాలో యంత్రాలపై తయారైన చవక లేసు రాక వలన ఈ ప్రాంతపు వ్యాపారం దెబ్బతిన్నది.

భారతదేశంలో 1999 నాటి భౌగోళిక సూచికల చట్టం ప్రకారం ఇచ్చే గుర్తింపు, ఇతర ప్రాంతాలలో తయారైన సరుకును నరసాపురం పేరుతో అమ్మకుండా రక్షణ కల్పిస్తుంది. కూలి రేటును ఇది నిర్ణయించదు. పేరు వలన పెరిగే ధరలో కొంత భాగం అల్లినవారికి చేరడం, ఎగుమతిదారులు, ఏజెంట్లు, మహిళా సంఘాల మధ్య కుదిరే ఒప్పందాలపై ఆధారపడి ఉన్నది.