పాత ఇంటి కంప్యూటర్లలో గుర్తు తెలియని పరికరాలు

పాత కంప్యూటర్‌ను ఫార్మాట్ కొట్టి విండోస్‌ను మళ్లీ ఎక్కించినప్పుడు, డివైస్ మేనేజర్ జాబితాలో కొన్ని భాగాలు సరైన పేరు లేకుండా పసుపు గుర్తుతో కనిపిస్తాయి. వీటినే ‘అన్‌నోన్ డివైస్’ అంటారు. పరికరం బాగానే ఉండి, దాన్ని నడిపించే డ్రైవర్ మాత్రం విండోస్ దగ్గర లేనప్పుడు ఎక్కువగా ఇలా జరుగుతుంది. చాలా పరికరాల్లో వాటి తయారీదారును, నమూనాను తెలిపే సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యను చదివి, పరికరమేదో తేల్చుకుని, తగిన డ్రైవర్‌ను వెతకడమే గుర్తింపు ప్రక్రియ.

విజయవాడ నేపథ్యం

ఇలాంటి యంత్రాలు ఇళ్లలో ఎలా మిగిలాయో చెప్పడానికి విజయవాడ ఒక ఉదాహరణ. ఈ నగరంలో బెంజి సర్కిల్ దాటాక బందరు రోడ్డు పొడవునా పటమట, ఆ పైన కానూరు ఉంటాయి. 1977లో మొదలైన వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజనీరింగ్ కళాశాల కానూరులోనే ఉంది. ఇంజనీరింగ్ చదువులు ఊపందుకున్న కాలంలో ఈ ప్రాంతాల ఇళ్లలోకి చేరిన కంప్యూటర్లలో ‘అసెంబుల్డ్ సిస్టమ్’లు చాలా ఉన్నాయి. మదర్‌బోర్డు ఒక సంస్థది, పేటి (క్యాబినెట్) ఇంకొకరిది, ల్యాన్ కార్డు, టీవీ ట్యూనర్ మరొకరివి. పిల్లలు ఉద్యోగాలకు హైదరాబాదుకో అమెరికాకో వెళ్లాక యంత్రం ఇంట్లోనే మిగిలిపోతుంది. డ్రైవర్ సీడీ మాత్రం కనిపించదు.

డెల్, హెచ్‌పీ, లెనోవో యంత్రాలకైతే వెనక అంటించిన సర్వీస్ ట్యాగ్ లేదా సీరియల్ నంబరును సంస్థ వెబ్‌సైటులో ఇస్తే డ్రైవర్ల జాబితా వస్తుంది. అసెంబుల్డ్ యంత్రానికి ఆ ఆధారం లేదు. యంత్రం వివరాలు చూపాల్సిన చోట చాలాసార్లు ‘టు బి ఫిల్డ్ బై ఓఈఎం’ అనే వాక్యం కనబడుతుంది. తయారీదారు నింపాల్సిన ఖాళీని ఎవరూ నింపలేదని దాని భావం. పటమట పక్కనే ఉన్న ఆటోనగర్‌కు లారీ విడిభాగం కోసం వెళ్లినవాళ్లు లారీ రంగు చెప్పరు, పార్ట్ నంబరు చెబుతారు. ఇక్కడా అంతే: పేటి మీది పేరు కన్నా లోపలి చిప్ సంఖ్యే ముఖ్యం.

గుర్తింపు సంఖ్యల చరిత్ర

తొలితరం పీసీల్లో ఐఎస్ఏ అనే పాత ప్రమాణపు కార్డులు ఉండేవి. తానెవరో చెప్పుకునే ఏర్పాటు వాటికి లేదు. ప్రాసెసర్‌ను పిలిచేందుకు ఏ కార్డు ఏ ఐఆర్‌క్యూ (అంతరాయ సంఖ్య) వాడాలో మనిషే జంపర్లు మార్చి నిర్ణయించాలి. ఉన్న కొద్ది ఐఆర్‌క్యూలలో చాలావాటిని కీబోర్డు, డిస్కు, గడియారం వంటివి ముందే తీసుకునేవి. రెండు కార్డులకు ఒకటే పడితే రెండింటికీ ఇబ్బందే.

ఇంటెల్ 1992లో ప్రకటించిన పీసీఐ ప్రమాణం ఈ పరిస్థితిని మార్చింది. ప్రతి పీసీఐ పరికరంలో కాన్ఫిగరేషన్ స్థలం ఉంటుంది. అందులో మొదటి రెండు బైట్లు తయారీదారు సంఖ్య, తర్వాతి రెండు పరికర సంఖ్య. తయారీదారు సంఖ్యలను పీసీఐ సిగ్ అనే సంఘం కేటాయిస్తుంది. కాబట్టి ఒకరి సంఖ్య మరొకరికి రాదు. 1993లో ఐఎస్ఏ కార్డులకూ ప్లగ్ అండ్ ప్లే ప్రమాణం వచ్చింది. 1995 ఆగస్టు 24న విడుదలైన విండోస్ 95 ఈ సంఖ్యలను తానే చదివి డ్రైవర్‌ను జతచేసే పద్ధతిని ఇళ్లకు తెచ్చింది.

సంఖ్యను చదివే పద్ధతి

విండోస్ మీటతో పాటు ఆర్ నొక్కి, వచ్చిన పెట్టెలో ‘డెవ్ఎంజీఎంటీ డాట్ ఎంఎస్‌సీ’ అని ఆంగ్లాక్షరాల్లో కొడితే డివైస్ మేనేజర్ తెరుచుకుంటుంది. పసుపు గుర్తున్న పరికరం మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి, అక్కడ డీటెయిల్స్ అనే పుటలోకి వెళ్లి, జాబితాలో ‘హార్డ్‌వేర్ ఐడీస్’ ఎంచుకోవాలి. పీసీఐ పరికరమైతే అక్కడ కనిపించే వరుసలో నాలుగు భాగాలుంటాయి:

- వెన్: చిప్ తయారీదారు
- డెవ్: చిప్ నమూనా
- సబ్‌సిస్: ఆ చిప్‌ను వాడి బోర్డు లేదా కార్డు చేసిన సంస్థ. ఎనిమిది స్థానాల్లో చివరి నాలుగు ఆ సంస్థ సంఖ్య
- రెవ్: చిప్ కూర్పు

ఇవి పదహారు ఆధారంగా రాసే సంఖ్యలు. సున్నా నుంచి తొమ్మిది తర్వాత ఏ నుంచి ఎఫ్ వరకు ఆరు అక్షరాలు వస్తాయి. తరచూ ఎదురయ్యే తయారీదారుల సంఖ్యలు ఇవి:

- 8086: ఇంటెల్ (1978 నాటి తన ప్రాసెసర్ పేరునే సంఖ్యగా తీసుకుంది)
- 1022: ఏఎండీ
- 1002: ఏటీఐ (తర్వాత ఏఎండీలో కలిసింది)
- 10డీఈ: ఎన్విడియా
- 10ఈసీ: రియల్‌టెక్
- 1106: వయా
- 1039: సిస్
- 14ఈ4: బ్రాడ్‌కామ్
- 168సీ: అథెరోస్

ఉదాహరణకు వెన్ 8086, డెవ్ 2772 అని ఉంటే అది ఇంటెల్ 945జీ చిప్‌సెట్‌లోని గ్రాఫిక్స్. వెన్ 10ఈసీ, డెవ్ 8139 అయితే రియల్‌టెక్ ల్యాన్ చిప్.

వెన్‌కూ సబ్‌సిస్‌కూ తేడా తెలియకపోతే వెతుకులాట దారి తప్పుతుంది. ఇంటెల్ తన పేరుతో అమ్మిన డీ101జీజీసీ మదర్‌బోర్డులో ఉన్నది ఏటీఐ రేడియాన్ ఎక్స్‌ప్రెస్ 200 చిప్‌సెట్. డబ్బా మీద ఇంటెల్ అని చూసి ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ వేస్తే అది ఎక్కదు. వెన్ 1002 అని చదివినవారు నేరుగా ఏటీఐ డ్రైవర్ దగ్గరకు వెళతారు.

సమస్య స్వభావాన్ని జనరల్ పుటలోని కోడ్ చెబుతుంది. కోడ్ 28 అంటే డ్రైవర్ వేయలేదు. కోడ్ 10 అంటే పరికరం మొదలు కాలేకపోయింది. కోడ్ 22 అంటే ఎవరో నిలిపివేశారు. కోడ్ 43 అంటే పరికరం తనలో లోపముందని తెలిపింది. కోడ్ 28 ఒక్కదానికే కొత్త డ్రైవర్ సూటి మందు.

సాధారణ పేర్ల వెనక ఉన్నవి

డ్రైవర్ లేనప్పుడు కూడా విండోస్ కొన్ని పరికరాలకు ముక్తసరి పేరు పెడుతుంది. పరికరంలోనే రాసి ఉన్న తరగతి సంఖ్య ఆ పేరుకు ఆధారం. అది జాతిని చెబుతుంది, నమూనాను చెప్పదు.

- *వీడియో కంట్రోలర్:* గ్రాఫిక్స్. తెరమీద బొమ్మలు పెద్దవిగా, మసకగా కనిపించడానికి దీని డ్రైవర్ లేకపోవడమే కారణం.
- *ఈథర్‌నెట్ కంట్రోలర్:* తీగతో కలిపే ల్యాన్. *నెట్‌వర్క్ కంట్రోలర్* అని ఉంటే ఎక్కువగా వైఫై కార్డు.
- *ఎస్ఎమ్ బస్ కంట్రోలర్:* మదర్‌బోర్డు మీద ఉష్ణోగ్రత వంటి సమాచారం మోసే చిన్న దారి. చిప్‌సెట్ డ్రైవర్ వేస్తే పసుపు గుర్తు పోతుంది. వేయకపోయినా రోజువారీ పనికి అడ్డు రాదు.
- *మల్టీమీడియా ఆడియో కంట్రోలర్:* సాధారణంగా ఏసీ 97 అనే పాత ప్రమాణపు శబ్ద పరికరం.
- *మల్టీమీడియా వీడియో కంట్రోలర్:* చాలావరకు టీవీ ట్యూనర్ కార్డు. వెన్ 109ఈ, డెవ్ 036ఈ అయితే బీటీ 878 చిప్. వెన్ 1131 అయితే ఫిలిప్స్ చిప్. కేబుల్ ప్రసారాలు డిజిటల్‌కు మారాక, సెట్‌టాప్ బాక్స్ వీడియో తీగను కలిపితే తప్ప ఈ కార్డుతో పనిలేదు.
- *పీసీఐ సింపుల్ కమ్యూనికేషన్స్ కంట్రోలర్:* చాలా పాత యంత్రంలో టెలిఫోన్ తీగ పెట్టే డయలప్ మోడెమ్. తర్వాతి ఇంటెల్ యంత్రాల్లో మేనేజ్‌మెంట్ ఇంజిన్. ఒకే పేరు, రెండు వేర్వేరు వస్తువులు. వెన్, డెవ్ చూడనిదే తేలదు.
- *బేస్ సిస్టమ్ డివైస్:* ల్యాప్‌టాప్‌లలో తరచూ మెమరీ కార్డు రీడర్‌కు చెందిన భాగం.

పీసీఐ కాని పరికరాలు

యూఎస్‌బీ పరికరాలకు వెన్, డెవ్ బదులు విడ్, పిడ్ అనే సంఖ్యలుంటాయి. 046డీ లాజిటెక్, 03ఎఫ్0 హెచ్‌పీ, 04ఏ9 కెనన్, 12డీ1 హువావే. ఒకప్పుడు ఇళ్లలో విరివిగా వాడిన డేటా కార్డులు చాలావరకు హువావే, జడ్‌టీఈ తయారీవి. పెట్టగానే అవి సీడీ డ్రైవ్‌లా కనిపించి, అందులోని సాఫ్ట్‌వేర్ ఎక్కాక మోడెమ్‌గా మారతాయి. వాటిలో సీడీఎంఏ రకానివి గుర్తుపట్టినా ఉపయోగం లేదు. ఆ నెట్‌వర్కులు మూతపడ్డాయి. విడ్ 0000 అని వస్తే డ్రైవర్ వెతకకూడదు. పరికరం తన సంఖ్యనే చెప్పలేకపోతోందని అర్థం. తీగ, పోర్టు, విద్యుత్ సరఫరా చూసుకోవాలి.

ఏ ముక్తసరి పేరూ లేకుండా ఉత్త ‘అన్‌నోన్ డివైస్’ అని ఉండి, సంఖ్య ‘ఏసీపీఐ’తో మొదలైతే అది మదర్‌బోర్డు తయారీదారు సొంత ఏర్పాటు. ‘ఏటీకే 0110’ అసుస్ బోర్డులకు చెందింది. ‘హెచ్‌పీక్యూ 0004’ హెచ్‌పీ ల్యాప్‌టాప్ కిందపడితే హార్డ్‌డిస్కును కాపాడే సెన్సర్.

2004లో ఇంటెల్ తెచ్చిన హెచ్‌డీ ఆడియోలో రెండు మెట్లున్నాయి: ముందు నియంత్రిక (కంట్రోలర్), తర్వాత దాని వెనక శబ్ద సంకేతాలను మార్చే కోడెక్ చిప్. విండోస్ ఎక్స్‌పీ తొలి కూర్పులకు నియంత్రికే తెలియదు. మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ప్రత్యేక ప్యాచ్ వేస్తేనే కోడెక్ కనబడి, దాని డ్రైవర్ ఎక్కుతుంది. రియల్‌టెక్ డ్రైవర్ ఎన్నిసార్లు వేసినా శబ్దం రాని ఎక్స్‌పీ యంత్రాల్లో తరచూ జరిగేది ఇదే.

లినక్స్ సాయంతో

విండోస్ అసలే తెరుచుకోకపోతే లినక్స్ ఉన్న పెన్ డ్రైవ్‌తో యంత్రాన్ని లేపవచ్చు. హార్డ్‌డిస్కులో ఏమీ ఎక్కించనక్కర్లేదు. టెర్మినల్‌లో ‘ఎల్ఎస్‌పీసీఐ’ ఆదేశం పీసీఐ పరికరాలను, ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’ యూఎస్‌బీ పరికరాలను పేర్లతో సహా చూపుతాయి. మొదటి ఆదేశానికి ముందు హైఫన్‌తో ‘ఎన్ఎన్’ జోడిస్తే సంఖ్యలూ వస్తాయి. చెక్ ప్రోగ్రామర్ మార్టిన్ మారెష్ మొదలుపెట్టిన పీసీఐ సంఖ్యల జాబితా ఈ పేర్లకు మూలం. లినక్స్‌లో చాలా పాత చిప్‌ల డ్రైవర్లు కెర్నెల్‌లోనే ఉంటాయి. తెలుగులో వాడదలచినవారి కోసం స్వేచ్ఛ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమ సంస్థ తెలుగు లినక్స్‌ను రూపొందించింది.

పేటి విప్పి చూడడం

సంఖ్య దొరకనప్పుడు, లేదా జాబితాలో పరికరమే కనిపించనప్పుడు పేటి తెరవాలి. ముందుగా ప్లగ్ పీకి, పేటి లోహాన్ని ఒకసారి తాకి, ఒంటి మీది స్థిర విద్యుత్తును వదిలించుకోవాలి. మదర్‌బోర్డు నమూనా పేరు సాధారణంగా కార్డుల స్లాట్ల మధ్య తెల్లని పెద్ద అక్షరాలతో ఉంటుంది. కార్డు మీది పెద్ద చిప్‌పై ఉన్న పేరే అసలు గుర్తు. పీత బొమ్మ ఉంటే అది రియల్‌టెక్.

కృష్ణా డెల్టాలో గాలి తేమ, దుమ్ము కలిసి కార్డుల బంగారు పూత అంచులపై పొరకడతాయి. స్పర్శ సరిగా లేకపోతే పరికరం సంఖ్య తప్పుగా చదవబడవచ్చు, లేదా మాయం కావచ్చు. అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి తిరిగి బిగిస్తే ఎన్నో సందర్భాల్లో పరికరం మళ్లీ కనిపిస్తుంది. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మునిగినటువంటి యంత్రాలను మాత్రం పూర్తిగా ఆరి, శుభ్రపడేవరకు ప్లగ్ పెట్టకూడదు. కెపాసిటర్ల తల ఉబ్బి ఉంటే లోపం బోర్డుదే, డ్రైవర్‌ది కాదు.

డ్రైవర్ ఎంపిక

పరికరం తేలాక విండోస్ కూర్పు, అది 32 బిట్లా 64 బిట్లా అన్నది చూడాలి. ఒకదాని డ్రైవర్ మరొకదానికి పనికిరాదు. మొదట చిప్‌సెట్, తర్వాత ల్యాన్, ఆపైన గ్రాఫిక్స్, శబ్దం అనే వరుస మంచిది. ల్యాన్ డ్రైవర్‌ను వేరే యంత్రంలో దించుకుని పెన్ డ్రైవ్‌లో ఉంచుకుంటే మిగతావి ఇంటర్నెట్ ద్వారా వస్తాయి. బోర్డు లేదా చిప్ తయారీదారు వెబ్‌సైటు, మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్ నమ్మదగినవి. క్యాటలాగ్‌లో వెన్, డెవ్ వరుసనే వెతుకుడు పెట్టెలో అతికించవచ్చు. డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్‌తో వేస్తామనే ఉచిత ప్రోగ్రాములు అనవసర సాఫ్ట్‌వేర్‌ను, కొన్నిసార్లు వైరస్‌లను కూడా వెంట తెస్తాయి.

పరిమితులు

గుర్తింపు కుదిరినంత మాత్రాన డ్రైవర్ దొరకాలని లేదు. మైక్రోసాఫ్ట్ మద్దతు విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి కనుక ఈ వ్యాసంలో చెప్పిన తరం యంత్రాలకు అది అధికారికంగా అందదు. అలాంటి వాటికి లినక్స్, లేదా ఇంటర్నెట్‌కు కలపకుండా పాత విండోస్ వాడకం మిగిలిన మార్గాలు. ఏదీ కుదరక యంత్రాన్ని వదిలించుకోవాలంటే ముందు హార్డ్‌డిస్కులోని ఫొటోలు, కాగితాలు కాపీ చేసుకుని, డిస్కును తుడిచేయాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాలు, 2022 ప్రకారం వ్యర్థంగా మారిన కంప్యూటర్ చేరాల్సింది నమోదిత రీసైక్లర్ దగ్గరకే.