తిత్తుల మీద విమానం

ఇంట్లో కుర్చీ దిగకుండా విమానం నడిపే పిల్లలు ఈ రోజుల్లో బోలెడుమంది. కంప్యూటర్ తెర మీద చిన్న సెస్నా విమానం లేస్తుంది, మబ్బులు కదులుతాయి. "అచ్చం నిజం విమానమే!" అంటారు. కంటికి నిజమే. మరి చేతికీ, కాలికీ?

ఈ విద్యకు మూలపురుషుడు ఎడ్విన్ లింక్ అనే అమెరికా ఆయన. బింగ్‌హామ్‌టన్‌లో వాళ్ళ నాన్నగారికి పియానోలు, ఆర్గన్‌లు చేసే ఫ్యాక్టరీ ఉండేది. 1920లో 50 డాలర్లు పోసి మొదటి విమానపాఠానికి వెళ్ళాడు. ఆ రోజుల్లో 50 డాలర్లంటే మాటలా! గురువుగారు గాల్లో పల్టీలు కొట్టించి దించేశాడే తప్ప, కుర్రాణ్ణి ఒక్క మీటైనా ముట్టుకోనివ్వలేదు. పక్కన నిలబడి చూస్తే వంటొస్తుందా ఎవరికైనా?

ఆ ఉడుకుమోత్తనమే పని చేసిందో ఏమో, 1929 నాటికి ఆర్గన్‌లో గాలి ఊదే తిత్తుల మీద పొట్టి రెక్కల చెక్క విమానాన్ని కూర్చోబెట్టాడు. మన హార్మోనియం తిత్తిలాంటివే అవి. చేతికర్ర పక్కకి వంచితే తిత్తుల్లో గాలి మారి, మనిషితో సహా ఒరిగేది. మూత వేస్తే బయట ఏమీ కనిపించదు. అయినా ఒంటికి తెలిసేది. దాన్ని మొదట కొన్నది ఎవరనుకున్నారు? వినోదపు పార్కులవాళ్ళు!

1934 ఫిబ్రవరిలో అమెరికాలో టపా మోసే పని సైన్యం విమానాలకు అప్పగించారు. చలికాలం, పొగమంచు, రాత్రి ప్రయాణాలు. మీటర్లు చూసి నడపడం అలవాటులేని కుర్రాళ్ళు కొద్ది వారాల్లోనే పలువురు చచ్చిపోయారు. ఏ తల్లులు కన్న బిడ్డలో! అప్పుడు గానీ సైన్యం కళ్ళు తెరవలేదు. ఒక్కొక్కటీ 3,500 డాలర్లు పెట్టి ఆరు యంత్రాలు కొంది.

ఇళ్ళలోకి ఈ విద్య వచ్చింది 1980 ప్రాంతంలో, బ్రూస్ ఆర్ట్‌విక్ రాసిన ప్రోగ్రాంతో. అప్పుడు తెర మీద కనిపించేవి నాలుగు గీతలే. ఇప్పుడు చెట్టూ చేమా అన్నీ కనిపిస్తాయి. రెక్కనీ పంకానీ ముక్కలుగా విడదీసి, ఏ ముక్క మీద గాలి ఎంత తోస్తుందో లెక్క కట్టే ప్రోగ్రాములూ ఉన్నాయి. లెక్క ఒప్పే. కానీ ఒంటి ఇంజను విమానం లేచేటప్పుడు ముక్కు ఎడమకి లాగుతుంది, కుడికాలితో పెడలు తొక్కి పట్టాలి. ఇంటి ఆటలో ఆ పని చాలాసార్లు కంప్యూటరే చేసిపెడుతుంది. నిజం విమానం వేగం తగ్గితే చేతిలోని కంట్రోలు వదులైపోతుంది, ఒళ్ళు జలదరిస్తుంది. బల్ల మీది బొమ్మకర్రలో ఉండేది స్ప్రింగేనాయె! విమానం ఎగురుతున్నా, పడిపోబోతున్నా ఒకే బిగువు.

మీటర్లు చదవడం మాత్రం ఆ పిల్లలకి బ్రహ్మాండంగా వస్తుందిట. లింక్‌గారి మూత పెట్టె నేర్పిందీ అదేగా! అందుకే అలా నేర్చుకుని వచ్చినవాణ్ణి నిజం విమానమెక్కించినప్పుడు కొందరు గురువులు మీటర్ల మీద కాగితం కప్పేసి, "బయటికి చూడవయ్యా" అంటారు.