పాతమిద్దెకు క్రొత్తగది



మన కడపమండలమున నేడు ఏ గ్రామమునకు పోయినను ఒక దృశ్యము కంటబడును. వీధివైపున పెద్దలనాటి మట్టిమిద్దె. దాని వెన్నంటి సిమెంటు కప్పుతో ఒక క్రొత్తగది. కుమారునికి వివాహమైనదనియో, మనుమల చదువునకు చోటు చాలదనియో, వృద్ధులకు రాత్రివేళ దొడ్డికి పోవుట కష్టమైనదనియో ఆ గదిని కట్టుదురు. కోరిక న్యాయమైనదే. కాని గది లేచిన కొన్ని యేండ్లకే పాతమిద్దె కురియనారంభించుటయు, గోడలు బీటలువాఱుటయు, తుదకు దానిని పడగొట్టవలసివచ్చుటయు పలుచోట్ల జరుగుచున్నది. ఇల్లు ముసలిదై పడినదని అందఱును అనుకొందురు. దానిని పడవేసినది వయస్సా, చేర్పా అని విచారించుటయే నేటి ప్రసంగవిషయము.

ఉన్న కట్టడమునకు చేర్పు కట్టుట మనకు క్రొత్త విద్యగాదు. 13వ శతాబ్దిలో గంగయసాహిణి, అంబదేవుడు మొదలగు కాయస్థ ప్రభువులకు రాజధానియైన వల్లూరునకు చేరువనే, పెన్న ఒడ్డున, పుష్పగిరి యున్నది. అక్కడి ఆలయములు ఒక్కతరమున ముగిసిన పనులు కావు. మన దక్షిణదేశమున సామాన్యముగా గర్భగృహమును కదలింపక, దాని ముందు మంటపమును, దాని చుట్టు ప్రాకారమును, ప్రాకారమునకు గోపురమును తరతరములవారు చేర్చుచు వచ్చిరి. కంబమునకు కంబమునకు నడిమి ఎడమును అంకణమని లెక్కించిరి. రాతిదూలము ఎంత పొడవు నిలువగలదో అంకణము అంతే.

మన ఇండ్లకును కొలత అదియే. మూడంకణముల ఇల్లు, ఐదంకణముల ఇల్లు అని నేటికిని చెప్పుకొనుచున్నాము. కంబములపై దూలము, దూలముపై దంతెలు, దంతెలపై చిన్న కట్టెలో నాపబండలో పఱచి, ఆపైన ఆకును మన్నును వేసి, అన్నిటికిని మీద చవుడు కప్పుదురు. చవుటిమన్ను తడిసినప్పుడు మెత్తనై తన రంధ్రములను తానే మూసికొనును. కనుక నీరు లోనికి దిగక దోనెల వెంబడి జాఱిపోవును. ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వానమాత్రమే కురియు మండలమునకు ఇది తగిన కప్పు. వేసవి యెండ 40 డిగ్రీలు దాటినను మిద్దెక్రింద చల్లగా నుండును. మీద మిరపకాయలు ఎండబెట్టుకొనవచ్చును, రాత్రి పండుకొనవచ్చును. ఏటేట వానలకు ముందు క్రొత్తచవుడు వేయుటయే దానికి చేయవలసిన సేవ.

సంసారము పెరిగినప్పుడు పెద్దలు ఒక అంకణమును పొడిగించెడివారు. అదే రాయి, అదే మన్ను, అదే బరువు. పాతదియు క్రొత్తదియు ఒకే తీరున తడిసి, ఒకే తీరున ఆఱి, ఒకే తీరున నేలలో కుదురుకొనెడివి. 1871 నాటికి మద్రాసు బొంబాయిలను కలుపు రైలుమార్గము మన మండలము మీదుగా పూర్తియైన పిమ్మట దూరపు టేకును ఇనుపదూలములును సులభముగా దిగుమతియైనవి. గానుగసున్నముతో ఇటుకమిద్దెలు కట్టుకొన్నవారు ఉండిరి. అయినను దూలమును బట్టి గది యను నియమము మాఱలేదు.

ఆ నియమమును మార్చినది సిమెంటు. ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ అను తాపీపనివాడు 1824లో పోర్ట్‌లండు సిమెంటునకు హక్కుపత్రము పొందెను. మన దేశమున 1904లో మద్రాసునందు దాని తయారీకి ప్రయత్నము జరిగెను. నార్జి సున్నపురాయి బండయై మన నేలను కప్పినది, కాలి సున్నమై మన గోడలకు పూతయైనది. తరువాతి కాలమున ఎఱ్ఱగుంట్ల ప్రాంతపు కర్మాగారములలో అట్టి సున్నపురాయియే సిమెంటుగా మాఱినది. ఇనుపకమ్ములు పొదిగిన సిమెంటు కప్పునకు గదినడుమ కంబము అక్కఱలేదు. ఇది గొప్ప సౌకర్యమే. అయితే అంకణముతోపాటు, క్రొత్తది పాతదానితో ఎట్లు కలియవలెనను ఆలోచనయు మఱుగున పడినది.

చిక్కులెక్కడ పుట్టుచున్నవో చూడుడు. మొదటిది పునాది. పాతగోడనానుకొని దానికంటె లోతుగా త్రవ్వినచో, గోడక్రింది మన్ను గుంటలోనికి జాఱును. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతముల నల్లరేగడిలో ఈ భయము హెచ్చు. ఆ నేల వానకు ఉబ్బి ఎండకు నెఱ్ఱెలువాఱును. రెండవది బరువు. ఖర్చు తగ్గునని క్రొత్తకప్పు అంచును పాతగోడపై మోపుదురు. సిమెంటుకప్పు ఎండకు సాగి, రాత్రి ముడుచుకొనును; మట్టితో పేర్చిన రాతిగోడ ఆ రాపిడిని ఓర్వలేదు. మూడవది నీరు. మిద్దె వెనుకకు వాలియున్నచో దోనెలును వెనుకనే యుండును. అక్కడ గది లేచినచో వాననీరు పోవుటకు త్రోవలేక కప్పుమీదనే నిలుచును. నాలుగవది పూత. మట్టిగోడ నేలనుండి పీల్చిన చెమ్మను గాలికి విడిచి బ్రదుకును. సున్నపుపూత దానిని పోనిచ్చును. సిమెంటుపూత లోపలనే బంధించును.

ఈ బాధలన్నియు ఏల, పాతయిల్లు వదలి వేఱుచోట కట్టుకొందుమనువారును కలరు. కాపురములేని మిద్దెకు చవుడు వేయువారుండరు. 1820లో ఉద్యోగియై కడపకు వచ్చిన సి. పి. బ్రౌను దొర ఒక బంగళా కొని, పండితులను చేర్చి, తెలుగుగ్రంథములను పరిష్కరింపజేసెను. ఆయన వెడలిన పిమ్మట కాలక్రమమున ఆ కట్టడము శిథిలమైనది. 20వ శతాబ్ది చివర జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పూనికతో ఆ స్థలమున గ్రంథాలయము వెలసినది. అది మన అదృష్టము. మన ఇండ్ల కొఱకు అట్లు పూనుకొనువారు ఎవరు?

కావున చేర్పు కట్టుడు. కాని పాతయింటిని తాకకుండ కట్టుడు. క్రొత్తపునాది ఎంత లోతో, పాతగోడకు కనీసము అంత ఎడముండవలెను. క్రొత్తకప్పు తన కంబములమీదనే నిలువవలెను. నడిమి ఎడమును తేలికకప్పుగల నడవగా విడిచినచో, పెరటివాకిలికి గాలియు వెలుతురును నిలుచును, గవాచి మూసికొనిపోదు. వంటయిల్లు, బచ్చలి, మరుగుదొడ్డి మొదలగు తడిపనులన్నియు క్రొత్తభాగమున నుండనిండు; ధాన్యమును పగటినిద్రయు మిద్దెక్రిందనే యుండనిండు. వృద్ధులు నడచు త్రోవలో మెట్టు లేకుండునట్లు నేలను సరిచూచుకొనుడు. పాతగోడకు సున్నమే పూయుడు.

గ్రామపెద్దలకు మఱియొక మనవి. అన్నదమ్ములు ఇల్లు పంచుకొనునప్పుడు అంకణములు లెక్కించి భాగపత్రము వ్రాయించుచున్నారు. ఎవరి కప్పునీరు ఎటు పోవలెను, ఉమ్మడిగోడపై బరువు మోపవచ్చునా యను రెండుమాటలను గూడ అందులో వ్రాయింపుడు. తమ్ముడు కట్టిన గదివలన అన్న మిద్దె కురిసినచో, అది గోడతో పోవు తగవు కాదు. బేల్దారిని పిలుచుటకు ముందు, వానదినమున ఇరువురిని వెంటబెట్టుకొని పోయి, నీరు ఏ దోనెనుండి పడి ఎటు పాఱుచున్నదో కన్నులార చూపి, అటుపిమ్మట క్రొత్తగదికి ముగ్గు పోయింపుడు.