ప్రాణదాతలైన వైమానికులు

జంషెడ్‌పూరు యుద్ధములకు ఉక్కునిచ్చిన నగరము. మొదటి ప్రపంచయుద్ధములో మెసొపొటేమియాకు ఇచ్చటి రైలుపట్టాలు పోయినవి. ఆ సేవకు గుర్తింపుగా 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డు సాక్చి గ్రామమునకు జంషెడ్‌పూరని నామకరణము చేసినాడు. రెండవ ప్రపంచయుద్ధములో ఇచ్చటి ఉక్కురేకులు తొడిగిన సాయుధశకటములు ‘టాటానగర్’ అను పేరుతోనే రణరంగములకు వెళ్ళినవి. 1944 ఏప్రిల్‌లో ఈ నగరమునకు ఆగ్నేయముగా, సింగ్‌భూమ్ సీమలోనే ఉన్న చాకులియాలో అమెరికావారి బి-29 బాంబరులు వచ్చి దిగినవి. ఆ మహాకాయములను చరిత్రకారులు విపులముగా వర్ణించినారు. కాని అదే మాసములో బర్మా అడవిపై ఎగిరిన ఒక అల్పయంత్రము కథ ఎందరికి తెలియును?

ఏప్రిల్ 21న జపాను సేనల వెనుక ఒక తేలికవిమానము నేలకు దిగిపోయినది. అందు పైలటుతోపాటు గాయపడిన బ్రిటిషు సైనికులు ముగ్గురున్నారు. వారున్న చోట మరియొక విమానము దిగుటకు వీలులేదు. అస్సాములోని లాలాఘాట్ నుండి లెఫ్టినెంటు కార్టర్ హార్మన్ సికోర్‌స్కీ హెలికాప్టరుపై బయలుదేరినాడు. ఆ యంత్రము పైలటుగాక ఒక్కరిని మాత్రమే మోయగలదు. వేడిగాలి పలుచనగుటచే దాని శక్తి మరింత తగ్గినది. 25వ తేదీన అతడు ఇద్దరిని ఒకరి తరువాత ఒకరిగా సురక్షితస్థలమునకు చేర్చినాడు. అంతట ఇంజను వేడెక్కి మొరాయించినది. మరునాడు తిరిగి వెళ్ళి మిగిలిన ఇద్దరిని తెచ్చినాడు. యుద్ధరంగములో హెలికాప్టరు జరిపిన తొలి రక్షణకార్యమిదే.

ఈ సాహసమునకు కొలత ఏది? మొదటిసారి వెళ్ళునప్పుడు అపాయమెంతటిదో మనుష్యునికి పూర్తిగా తెలియకపోవచ్చును. తెలిసిన పిదప రెండవసారి, మూడవసారి, నాలుగవసారి వెళ్ళుటయే ధైర్యము. యంత్రము చిన్నదగుటచేతనే హార్మన్ మరల మరల వెళ్ళవలసి వచ్చినది.

పర్వతములపైనను ఈ న్యాయమే వర్తించును. అచ్చట చలి ఎంత ఉన్నను, ఎత్తువలన గాలి పలుచన. బరువు మోయుశక్తి స్వల్పము. 1984 నుండి సియాచిన్‌పై మన చీతా హెలికాప్టరులు రోగులను, క్షతగాత్రులను ఇట్లే కొద్దిమందిగా దించినవి. 1999లో కార్గిల్ యుద్ధమున గుంజన్ సక్సేనా, శ్రీవిద్యా రాజన్ అను వైమానికురాండ్రు చీతాలపై ఆ రణభూమిలో సంచరించినారు. గాయపడినవారిని తరలించుట వారి విధులలో ఒకటి.

బాంబరు ఎత్తుననుండి తన పని ముగించుకొని మరలిపోవును. రక్షకుడు నేలకు దిగవలెను, శత్రువు చూచుచుండగా నిలువవలెను, గాయపడినవాడు ఎక్కువరకు వేచియుండవలెను. బాంబరు శక్తిని టన్నులతో లెక్కించినారు. ఇతని లెక్క ఒక్కొక్క మనిషితో సాగును. ఉక్కునగరపు చరిత్రను వ్రాయువారు ఆ ఏప్రిల్ మాసమును తలచునప్పుడు, ఈ రెండవ లెక్కను కూడ దాని ప్రక్కన వ్రాయుట న్యాయము.