అంగడి భవనములు: నాడు, నేడు

హైదరాబాదులో అనేక వీథులు వచ్చి కలియు ఒక కూడలియందు మొజంజాహీ మార్కెట్టు ఉన్నది. కూడలికి ఎదురుగా గడియారపు గోపురము, దాని కిరువైపుల రెక్కలవలె సాగిన రాతి కట్టడములు, వాని నడుమ విశాలమైన ముంగిలి. ఆ గోపురమున గంట యెంతయైనదో చూచి సాగిపోవు మనము, ఈ భవనమెందుకు పుట్టినదో ఆలోచించుట అరుదు.

1908 సెప్టెంబరులో మూసీ నది పొంగి నగరమును ముంచెత్తినది. వేలకొలది జనులు ప్రాణములు కోల్పోయిరి. ఆ విపత్తు పిమ్మట నగరమును క్రమపద్ధతిలో తీర్చిదిద్దుటకై 1912లో నగరాభివృద్ధి సంస్థ యేర్పడినది. ఇరుకు బస్తీలను తొలగించుట, వెడల్పు వీథులు వేయుట, నివాసములు కట్టించుట దాని విధులు. పత్తర్‌గట్టిలోని రాతి దుకాణముల వరుసయు ఆ సంస్థ కృషి ఫలమే. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో 1935 నాటికి వెలసిన ఈ మార్కెట్టుకు ఆయన రెండవ కుమారుని పేరు పెట్టిరి. పేరు రాకుమారునిదే యైనను, భవనము మాత్రము పండ్లమ్ముకొనువారిది, కొనవచ్చిన గృహస్థులది.

తరువాత నగరము పెరిగినది. టోకు పండ్ల వ్యాపారము గడ్డిఅన్నారమునకు తరలిపోయినది. రాతిపై రంగులు పూసిరి. కప్పులు కారజొచ్చినవి. ఎవరికి తోచినట్లు వారు రేకులు, చేర్పులు దించిరి. ఇట్టి స్థితికి వచ్చిన అంగడి భవనమును ఏమి చేయవలెనను ప్రశ్న లోకమందలి నగరములన్నిటికి ఎదురైనదే.

పారిస్ నగరము ఒక సమాధానము చెప్పినది. అచటి లేజాల్ అంగడికి బల్తార్ అను వాస్తుశిల్పి పందొమ్మిదవ శతాబ్దిలో ఇనుము, గాజు మండపములను రూపొందించెను. 1969లో వ్యాపారము నగరము వెలుపలికి తరలగా, 1971 నుండి ఆ మండపములను కూల్చిరి. ఒకదానిని మాత్రము విప్పి వేరొక పట్టణమున నిలిపిరి. లండను మరియొక సమాధానము చెప్పినది. 1830లో కట్టిన కోవెంట్ గార్డెన్ భవనమునుండి కూరగాయల వ్యాపారము 1974లో వెడలిపోయినది. పరిసరములను కూల్చివేయు యోచనను పౌరులు గట్టిగా ప్రతిఘటించిరి. 1980లో ఆ భవనము కొత్త దుకాణములతో, ఫలహారశాలలతో తిరిగి తెరువబడినది. నేడచట గారడీలు చూడవచ్చును, పాటలు వినవచ్చును గాని, బస్తా ఉల్లిగడ్డలు కొనలేము.

హైదరాబాదు మార్గము ఈ రెండును కాదు. 2018లో పునరుద్ధరణ కార్యము ప్రారంభమై 2020 ఆగస్టులో ముగిసినది. రంగు పొరలను తొలగించి సహజమైన గ్రానైటును బయల్పరచిరి, కప్పులు బాగుచేసిరి, అడ్డుగా పెరిగిన చేర్పులను తీసివేసిరి. అటుపిమ్మట ముంగిలిలో సంగీత, నాటక ప్రదర్శనలు జరిగినవి. అయినను ఐస్‌క్రీము దుకాణములు, అత్తరు, ఎండుపండ్ల అంగళ్లు అచటనే నిలిచినవి. చూడవచ్చినవాడును, కొనవచ్చినవాడును ఒకే కమాను క్రింద నడచుచున్నారు.

మన పట్టణములందు పాత మార్కెట్టులు ఇంకను పెక్కు కలవు. వానిని బాగుచేయబూనినపుడు ముందుగా అడుగవలసిన ప్రశ్నలు కొన్ని యున్నవని మేము తలంతుము. పని జరుగునంతకాలము చిరువర్తకుడు ఎచట కూర్చుండును? తిరిగి వచ్చినపుడు అతడు చెల్లింపగల అద్దెయే యుండునా? సరకు బండి నిలుచుటకు చోటుండునా? వీనికి సమాధానము లేనిచో రాయి మిగులును, అంగడి పోవును. గోపురమున గడియారము తిరిగి నడచుట సంతోషకరమే. దాని క్రింద బేరము కూడ నడచినప్పుడే ఆ భవనమును మనము కాపాడుకొన్నట్లు.